టకరా నుంచి ఆక్స్‌ఫర్డ్ దాకా – జైపాల్ సింగ్ ముండా జీవిత కథ



సంక్రాంతి సెలవులు అయిపోయి మూడు వారాలు దాటింది. మన హాస్టల్లో ఇంకా నాలుగు ట్రంకు పెట్టెలకు తాళాలు తియ్యలేదు. ఆ పెట్టెల వాళ్ళు ఊరి నుంచి తిరిగి రాలేదు. ఇద్దరు మిరపకాయలు ఏరడానికి పోతున్నారంట. ఒకడికి ఇంటి మీద బెంగ. ఇంకొకడు మాత్రం క్లాసులో చెప్పేది ఒక్క ముక్క తలకెక్కడం లేదని, ఇక రానని చెప్పి పంపాడు. వాణ్ణి తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. ఆరో తరగతిలో చేరిన కొత్తలో నాదీ అదే పరిస్థితి. ఇంట్లో కోయ మాట్లాడేవాణ్ణి. సారు తెలుగులో ప్రశ్న అడిగితే జవాబు తెలిసినా నోట్లోంచి మాట వచ్చేది కాదు. బెంచీ కింద కాళ్ళు చూసుకుంటూ కూర్చునేవాణ్ణి.

అందుకే ఈసారి గోడపత్రికకు ఒక గొప్ప వ్యక్తి జీవితం రాయమంటే నేను జైపాల్ సింగ్ ముండాను ఎంచుకున్నాను. ఈయన కూడా మనలాంటి అడవి ఊళ్ళో పుట్టినవాడే. మనం ఊరు విడిచి బస్సెక్కి ఇక్కడికి వచ్చాం. ఆయన ఓడెక్కి సముద్రాలు దాటి వేరే దేశంలో బడిలో కూర్చున్నాడు. ఏమయిందో చదవండి.

పుట్టుక, బాల్యం

జైపాల్ సింగ్ 1903 జనవరి 3న జన్మించాడు. ఊరు టకరా, పహన్‌టోలి అనే గూడెం. రాంచీకి దక్షిణాన ఖుంటీ ప్రాంతంలో ఉంది. ఇప్పుడు అది జార్ఖండ్ రాష్ట్రం. ముండా తెగలో పహాన్ అంటే ఊరి పూజారి, టోలి అంటే గూడెం. చిన్ననాడు ఈయన పేరు ప్రమోద్ పహాన్ అని చెబుతారు. తర్వాత జైపాల్ సింగ్ అయింది. మనలో కూడా ఇంట్లో ఒక పేరు, రిజిస్టరులో ఒక పేరు ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు కదా.

ఆ ఖుంటీ ప్రాంతమే బిర్సా ముండా తిరుగుబాటు చేసిన నేల. బిర్సా 1900 జూన్ 9న రాంచీ జైలులో చనిపోయాడు. జైపాల్ పుట్టేనాటికి ఆ సంగతి జరిగి మూడేళ్ళు కూడా నిండలేదు. అంటే ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ ఆ కాల్పులు, ఆ అరెస్టులు కళ్ళముందు జరిగినవే.

పిల్లవాడు మొదట పశువులు కాశాడు. 1911లో రాంచీలోని సెయింట్ పాల్స్ బడిలో చేరాడు. అది క్రైస్తవ మిషన్ వాళ్ళు నడిపే బడి. అక్కడ చదువులోనూ ఆటలోనూ ముందుండేవాడు. ముఖ్యంగా హాకీ. ఆ ప్రాంతం పల్లెల్లో హాకీ అంటే పిల్లలకు ప్రాణం. కొన్న బ్యాటు ఉండాలని లేదు. వంపు తిరిగిన వెదురు కర్ర దొరికితే చాలు, కోతకోసిన మడిలో ఆట మొదలు. ఇప్పటికీ ఖుంటీ, సిమ్‌డేగా జిల్లాల నుంచి ఇండియా జట్టుకు మగపిల్లలూ ఆడపిల్లలూ వస్తూనే ఉన్నారు. 2016 ఒలింపిక్స్‌లో ఆడిన నిక్కీ ప్రధాన్ ది ఖుంటీయే.

ఓడ ప్రయాణం

ఆ బడి ప్రిన్సిపాల్ కానన్ కాస్‌గ్రేవ్ అనే ఇంగ్లీషు పాస్టరు. పిల్లవాడి తెలివి చూసి 1918లో తనతో పాటు ఇంగ్లాండు తీసుకుపోయాడు. జైపాల్ కు అప్పుడు పదిహేనేళ్ళు. అంటే మన తొమ్మిదో తరగతి, పదో తరగతి వయసు.

ఆ రోజుల్లో విమానంలో పోవడం లేదు. ఓడ మీద వారాల ప్రయాణం. పైగా అది మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన సంవత్సరం. 1918 నవంబరు 11న యుద్ధం ఆగింది. ఇంగ్లాండు పెద్ద సామ్రాజ్యమే గానీ ఆ ఏడు అక్కడ కూడా చక్కెర, వెన్న, మాంసం రేషను మీద ఇచ్చారు. మనం రేషన్ షాపు దగ్గర వరసలో నిలబడినట్టే అక్కడి జనం కూడా నిలబడ్డారు. ఇది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. దొరల దేశం అంటే అన్నీ నిండుగా ఉంటాయని అనుకున్నాను.

అక్కడ చలి మన మాఘమాసం చలి లాంటిది కాదు. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే పొద్దు గూకుతుంది. చుట్టూ ఎవరి నోటా ముండారి మాట వినపడదు. అమ్మా నాన్నకు ఉత్తరం రాస్తే చేరడానికి వారాలు, జవాబు రావడానికి మళ్ళీ వారాలు. మనకు ఆదివారం వస్తే గేటు దగ్గర ఎవరో ఒకరు కనపడతారు. ఆయనకు ఆ ఆశ కూడా లేదు. ఇదంతా ఆలోచించండి మిత్రులారా.

మొదటి చదువు, రెండో చదువు

జైపాల్ ను మొదట కాంటర్‌బరీ అనే పట్నంలో సెయింట్ అగస్టీన్స్ కళాశాలలో చేర్పించారు. అది మత ప్రచారకులను తయారుచేసే కళాశాల. 1848 నుంచి ఉంది. చదువు ముగించి పాస్టరుగా తిరిగి వస్తాడని పెద్దల ఉద్దేశం. కానీ కుర్రవాడి చదువు ఆ హద్దులో ఆగలేదు. 1922లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సెయింట్ జాన్స్ కాలేజీలో సీటు వచ్చింది.

ఆక్స్‌ఫర్డ్ గురించి కొంచెం చెప్పాలి. అది ఒక్క బిల్డింగు కాదు. ఊరంతా కాలేజీలే. సెయింట్ జాన్స్ కాలేజీ 1555లో పెట్టింది. అక్కడ సంవత్సరానికి మూడు టరములు, ఒక్కో టరము ఎనిమిది వారాలు. అక్టోబరులో మొదలు. భోజనం అందరూ ఒకే పెద్ద హాలులో వరసగా కూర్చుని తింటారు. ఆ విషయంలో మన హాస్టలు లాంటిదే. నల్లగౌను వేసుకునే ఆచారం ఉంది.

కానీ పాఠం చెప్పే పద్ధతి మనలాగా కాదు. అక్కడ ట్యుటోరియల్ అని ఉంటుంది. సారు ఒక ప్రశ్న, కొన్ని పుస్తకాల పేర్లు ఇస్తాడు. విద్యార్థి లైబ్రరీలో చదువుకుని తనంతట తాను వ్యాసం రాయాలి. వారం తిరిగాక సారు గదికి పోయి ఆయన ఎదురుగా కూర్చుని దాన్ని పైకి చదవాలి. సారు మధ్యలో ఆపి ఇది ఎందుకు రాశావు, దీనికి ఆధారం ఏంటి అని అడుగుతాడు. పక్కవాడి నోటు చూసి రాయడం కుదరదు. బట్టీ పట్టడం కుదరదు. వెనక బెంచీ అనేదే లేదు. ఒకరో ఇద్దరో విద్యార్థులు, ఎదురుగా సారు, అంతే.

నాకు ఇక్కడే భయం వేసింది. తెలుగు మీడియం క్లాసులో నలభై మంది వెనక దాక్కునే నేను అలాంటి గదిలో ఏం చేసేవాణ్ణి? జైపాల్ దాక్కోలేదు. ఇంట్లో ముండారి, రాంచీలో హిందీ, పాఠం ఇంగ్లీషు. ఆ మూడో భాషలోనే వారం వారం తన వ్యాసం తానే రాసి, తానే చదివి, తానే జవాబు చెప్పుకున్నాడు. 1926లో ఆర్థిక శాస్త్రంలో ఆనర్సు డిగ్రీ పుచ్చుకున్నాడు.

ఆడపిల్లలకు ఒక మాట. ఆక్స్‌ఫర్డ్‌లో స్త్రీలకు డిగ్రీ ఇవ్వడం మొదలయింది 1920లోనే. జైపాల్ చేరడానికి రెండేళ్ళ ముందు మాత్రమే. అంత పాత విశ్వవిద్యాలయంలో కూడా అంతవరకు ఆడవాళ్ళు చదివినా పట్టా ఇవ్వలేదు. తలుపులు వాటంతట అవి తెరుచుకోవు అన్నమాట, ఎవరో ఒకరు ముందు తట్టాలి.

హాకీ కర్ర

కొత్త చోట మాట కలవనప్పుడు ఆట కలుపుతుంది. మన దగ్గర కొత్తగా వచ్చినవాడు ఎవరితోనూ మాట్లాడడు గానీ సాయంత్రం కబడ్డీ కోర్టులో దిగితే రెండు రోజుల్లో దోస్తులవుతారు. జైపాల్ విషయంలో హాకీ అలా పనిచేసింది. ఆయన డిఫెన్సులో, అంటే బ్యాక్ స్థానంలో ఆడేవాడు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం జట్టులో చోటు సంపాదించాడు. కేంబ్రిడ్జి మీద ఆడే ఆటగాళ్ళకు బ్లూ అనే గౌరవం ఇస్తారు. హాకీలో ఆక్స్‌ఫర్డ్ బ్లూ పొందిన మొదటి భారతీయ విద్యార్థి జైపాల్ సింగే. ఇంగ్లాండులో ఉన్న భారతీయ విద్యార్థులను పోగుచేసి హాకీ ఆడించాడు. పత్రికలకు ఆటల గురించి వ్యాసాలు కూడా రాశాడు. పదిహేనేళ్ళ వయసులో ఆ దేశంలో అడుగు పెట్టిన పిల్లవాడు వాళ్ళ భాషలో వాళ్ళ ఆటను వాళ్ళకే వివరించే స్థాయికి వచ్చాడు.

ఉద్యోగమా, దేశమా

ఇప్పుడు అసలు సంగతి. చదువయ్యాక జైపాల్ ఐ.సి.ఎస్.కు ఎంపికయ్యాడు. ఆ కాలంలో ఐ.సి.ఎస్. అంటే ఇప్పటి కలెక్టరు ఉద్యోగాలకు తాత లాంటిది. ఇంగ్లాండులోనే శిక్షణలో ఉన్నాడు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఒలింపిక్స్ వచ్చాయి. ఇండియా హాకీ జట్టు మొదటిసారి ఒలింపిక్స్‌కు పోతోంది. కెప్టెనుగా జైపాల్ ను పిలిచారు.

సెలవు అడిగాడు. పైవాళ్ళు ఇవ్వలేదు. ఒక పక్క జీవితాంతం జీతం, హోదా, బంగళా. ఇంకో పక్క దేశం తరపున హాకీ కర్ర. ఆయన హాకీ కర్ర పట్టుకుని ఆమ్‌స్టర్‌డామ్ పోయాడు.

ఆ జట్టు ఆట వివరాలు మనం గుర్తు పెట్టుకోవాలి. జి.కె. పరీక్షలో కూడా అడుగుతారు.

ఆస్ట్రియా మీద 6–0
బెల్జియం మీద 9–0
డెన్మార్క్ మీద 5–0
స్విట్జర్లాండ్ మీద 6–0
ఫైనల్లో, మే 26న, నెదర్లాండ్స్ మీద 3–0

మొత్తం 29 గోల్స్ కొట్టారు. మన మీద ఒక్క గోలు కూడా పడలేదు. అందులో 14 గోల్స్ ధ్యాన్‌చంద్ వి. హాకీలో ఇండియాకు అదే మొదటి బంగారు పతకం.

ఒక సంగతి దాచకుండా రాస్తున్నాను. ఫైనల్ మ్యాచ్ జైపాల్ ఆడలేదు. జట్టు నడిపేవాళ్ళతో భేదాభిప్రాయాలు వచ్చి ముందే విడిపోయాడని చెబుతారు. ఫైనల్లో పిన్నిగర్ కెప్టెన్సీ చేశాడు. అంటే ఏ ఆట కోసం ఉద్యోగాన్ని పణంగా పెట్టాడో ఆ ఆట చివరి రోజున ఆయన మైదానంలో లేడు. గొప్పవాళ్ళ జీవితంలో అన్నీ అనుకున్నట్టే జరగవు.

తిరిగి వచ్చాక శిక్షణ ఇంకో ఏడాది చెయ్యాలని పైవాళ్ళు షరతు పెట్టారు. ఆయన ఒప్పుకోలేదు. ఐ.సి.ఎస్. వదిలేశాడు. మా గదిలో దీని మీద రాత్రి స్టడీ అవరు అయ్యాక పెద్ద వాదన జరిగింది. సగం మంది ఆయన చేసింది తప్పు అన్నారు. కలెక్టరయి ఉంటే ముండాలకు ఎంత మేలు చేసేవాడో కదా అన్నారు. మిగతా సగం మంది, బ్రిటీషు వాళ్ళ కింద కలెక్టరయితే తన జనం మీదే కేసులు పెట్టాల్సి వచ్చేది అన్నారు. మీరే ఆలోచించండి. నా మట్టుకు నాకు రెండో మాటే నచ్చింది.

తిరిగి తన వాళ్ళ దగ్గరికి

ఆ తర్వాత ఆయన బర్మా షెల్ ఆయిల్ కంపెనీలో పనిచేశాడు. 1934లో ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్టు, అంటే ఇప్పటి ఘనా దేశంలో అచిమోటా అనే చోట కాలేజీలో వాణిజ్య శాస్త్రం చెప్పాడు. ఒకప్పుడు పరాయి దేశంలో విద్యార్థి, ఇప్పుడు ఇంకో పరాయి దేశంలో సారు. తర్వాత రాయపూర్ లో రాజకుమారుల కాలేజీలో పనిచేశాడు. బికనీరు సంస్థానంలో పెద్ద ఉద్యోగం చేశాడు.

ఇంతవరకు చూస్తే ఇరవై ఏళ్ళపాటు ఆయన జీవితం తన గూడేనికి దూరంగానే గడిచింది. చదువుకున్నవాడు ఊరికి రాడు అని మన పెద్దవాళ్ళు అనే మాట ఇక్కడ నిజమయ్యేలా ఉంది. కానీ కాలేదు. చోటానాగపూర్ ఆదివాసులు 1938లో ఆదివాసీ మహాసభ పెట్టుకున్నారు. 1939 జనవరిలో రాంచీలో జరిగిన సభకు జైపాల్ సింగ్ ను అధ్యక్షుణ్ణి చేశారు. చుట్టుపక్కల గూడేల నుంచి జనం నడుచుకుంటూ వచ్చారు. అప్పటి నుంచి ఆయన వాళ్ళ మనిషి. జనం ఆయనను మరంగ్ గోమ్‌కే అని పిలిచారు. పెద్ద నాయకుడు అని దాని అర్థం.

1946లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యాడు. అందులో ఆదివాసీ సభ్యులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. డిసెంబరు 19న ఆయన లేచి మాట్లాడాడు. అడవి మనిషినని చెప్పుకోవడానికి సిగ్గుపడలేదు. ఆదివాసులకు ప్రజాస్వామ్యం ఎవరూ నేర్పక్కర్లేదని, ఊరంతా కూర్చుని నిర్ణయం చేసే పద్ధతి వాళ్ళ దగ్గర మొదటి నుంచీ ఉందని, మిగతావాళ్ళే వాళ్ళ దగ్గర నేర్చుకోవాలని చెప్పాడు. మన కుల పంచాయితీ, ఊరి పెద్దల కూటం గుర్తుకు తెచ్చుకోండి. ఆక్స్‌ఫర్డ్‌లో నేర్చిన ఇంగ్లీషు, గూడెంలో నేర్చిన జ్ఞానం, ఈ రెండూ ఆ రోజు ఒకే నోట్లోంచి వచ్చాయి.

రాజ్యాంగంలో ఆదివాసి అనే మాటే పెట్టాలని ఆయన పట్టుబట్టాడు. ఆ మాట రాలేదు, షెడ్యూల్డు తెగలు అని వచ్చింది. అయిదో షెడ్యూలు మీద జరిగిన చర్చలోనూ తన వాదన వినిపించాడు. ఆ అయిదో షెడ్యూలు కిందికే మన ఏజెన్సీ ప్రాంతాలు వస్తాయి. మన భూమి పరాయివాళ్ళు కొనకూడదనే చట్టానికి బలం అక్కడి నుంచే. కాబట్టి ఆయన ఎక్కడో జార్ఖండ్ మనిషి, మనకేం సంబంధం అనుకోవద్దు.

గెలుపు, ఓటమి

స్వాతంత్ర్యం వచ్చాక ఆయన జార్ఖండ్ పార్టీ నడిపాడు. పార్టీ గుర్తు కోడిపుంజు. 1952 ఎన్నికల్లో బీహారు శాసనసభలో 32 సీట్లు గెలిచి ప్రధాన ప్రతిపక్షమయింది. జైపాల్ లోక్‌సభకు ఎన్నికయ్యాడు, చనిపోయేవరకు ఎం.పి.గా ఉన్నాడు. కానీ ప్రత్యేక జార్ఖండ్ రాష్ట్రం ఇవ్వడానికి రాష్ట్రాల పునర్విభజన కమిషను 1955లో ఒప్పుకోలేదు. క్రమంగా పార్టీకి సీట్లు తగ్గాయి. 1963లో ఆయన తన పార్టీని కాంగ్రెసులో కలిపేశాడు. చాలామంది అనుచరులకు అది మింగుడుపడలేదు. ఇప్పటికీ ఆయనను మెచ్చుకునేవాళ్ళు కూడా ఆ ఒక్క పని దగ్గర ఆగిపోతారు.

1970 మార్చి 20న జైపాల్ సింగ్ ఢిల్లీలో కన్నుమూశాడు. తాను కోరిన రాష్ట్రాన్ని కళ్ళారా చూడలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత 2000 నవంబరు 15న, బిర్సా ముండా పుట్టినరోజున, జార్ఖండ్ రాష్ట్రం ఏర్పడింది.

మనకు మిగిలింది

జార్ఖండ్ ప్రభుత్వం ఆయన పేరు మీద ఒక స్కాలర్‌షిప్పు పెట్టింది. 2021లో మొదటి విడతగా ఆరుగురు ఆదివాసీ విద్యార్థులు దాని మీద బ్రిటన్ లో పై చదువులకు పోయారు. ఒక పాస్టరు దయ మీద ఒక్కడు పోయిన దారిలో ఇప్పుడు హక్కుగా ఆరుగురు పోయారు. కేంద్ర ప్రభుత్వం కూడా విదేశాల్లో చదివే గిరిజన విద్యార్థులకు జాతీయ విదేశీ స్కాలర్‌షిప్పు ఇస్తుంది. దేశమంతా కలిపి ఏటా 20 మందికి. అందులో మూడు కొండరెడ్లు, చెంచులు, కొలాముల వంటి బాగా వెనకబడిన తెగలకు. ఆ 20 మందిలో మన హాస్టలు వాళ్ళు ఎందుకు ఉండకూడదు?

అయితే నేను ఈ కథ రాసింది అందరూ ఆక్స్‌ఫర్డ్ పోవాలని కాదు. తాళం వేసి ఉన్న ఆ నాలుగు పెట్టెల కోసం రాశాను. పరాయి భాషలో మొదటి రోజు ఎవరికైనా నోరు పెగలదు. అది తెలివి తక్కువతనం కాదు. జైపాల్ కు ఒక కాస్‌గ్రేవ్ సారు దొరికాడు, ఒక హాకీ జట్టు దొరికింది. మన నలుగురికి మనమే దొరకాలి. ఆరో తరగతి పిల్లలకు రాత్రిపూట అరగంట పాఠాన్ని కోయలో విడమరిచి చెప్పడానికి పదో తరగతి వాళ్ళం ఆరుగురం పేర్లు రాసుకున్నాం. వచ్చే ఆదివారం వార్డెన్ సారు అనుమతిస్తే ఇద్దరు సార్లతో కలిసి ఆ నలుగురి ఊళ్ళకు పోయి వాళ్ళ అమ్మానాన్నలతో మాట్లాడి వస్తాం. సారు పెద్ద మనసుతో ఒప్పుకోవాలని ఈ గోడపత్రిక ద్వారా మనవి చేసుకుంటున్నాము.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
పదో తరగతి విద్యార్థి, గోడపత్రిక బృందం